అత్తయ్య వెనక మామయ్య

నా చిన్నప్పుడు కొల్లేటి గట్ల మీద మహాకావ్యానికి సరిపడా యుద్ధం ఒకటి జరిగింది. అందులో ఒక వీరనారి, కాలికి దెబ్బ తగిలిన ఒక యోధుడు, ఒక ఇనుప గుర్రం ఉన్నాయి. చూడ్డానికి ఊరంతా గట్టెక్కి నిలబడింది.

ఇలా మొదలుపెట్టి ఇలాగే పోదామనుకున్నాను. కానీ ఆ వీరనారి నిక్షేపంగా ఉంది, ఇది చదువుతుంది, చదివి ఫోన్ చేస్తుంది. కాబట్టి నిజం చెప్పేస్తాను. మా అత్తయ్య మా మామయ్యను బండి మీద ఎక్కించుకుని ఆకివీడు తీసుకెళ్ళింది. కథ అంతే. దారిలో ఎవరూ పడలేదు కూడా.

'నా చిన్నప్పుడు' అంటున్నాను కదా అని నాకు పళ్ళూడిపోయాయనుకోకండి. ఇంకా పెళ్ళే కాలేదు. కాకపోతే మా ఇంట్లో తమ్ముళ్ళు బండి తాళాలు అడిగే వయసుకు వచ్చారు. మొన్నొకరోజు వాళ్ళతో "పెద్దవాణ్ణి చెబుతున్నాను, వినండ్రా" అనేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే మనిషి ముసలివాడైపోయినట్టే. ఇక జ్ఞాపకాలు రాసుకోవడమే మిగిలింది.

ఆ ఏడాది నేను అత్తయ్యావాళ్ళింట్లో ఉండి ఆకివీడులో చదువుకునేవాణ్ణి. మా నాన్న చెల్లెలు ఆవిడ. వాళ్ళ ఊరు ఆకివీడు నుంచి కొల్లేరు వైపు. ఊరనడం మర్యాద కోసమే. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో కొన్ని ఇళ్ళు, ఇళ్ళ మధ్యలో ఒక చర్చి. తారు రోడ్డు ఎక్కాలంటే ముందు చెరువు గట్టు మీద పోవాలి. ఆ గట్టు ఎండాకాలం దుమ్ము, వానాకాలం సబ్బు. ఆ సబ్బు మీదే మామయ్య పడి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. బండి మీంచి పడ్డాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు గానీ, ఆయన నడుస్తూ పడ్డాడు.

తాడేపల్లిగూడెంలో డాక్టరుగారు కట్టు వేసి, అసలు సంగతి అప్పుడే చెప్పారు. కట్టు విప్పిన మర్నాటి నుంచి రోజు విడిచి రోజు ఆకివీడులో ఫిజియోథెరపీకి వెళ్ళాలి. మొదట్లో ఒక్క రోజు కూడా మానకూడదు. మానితే మోకాలు ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత వంచినా వంగదు. మామయ్య చెరువులో దిగి వల లాగే మనిషి, దోనె ఎక్కి మేత చల్లే మనిషి. వంగని మోకాలితో దోనె ఎక్కలేడు, ఎక్కినా దిగలేడు. ఆ రోజు కారులో తిరిగొస్తూ ఆయన కాలి కట్టునే చూస్తూ కూర్చున్నాడు. ఉంగుటూరు దాటాక, "వానాకాలం మన గట్టెక్కడానికి ఆటోవాడు ఎవడొస్తాడే?" అన్నాడు.

ఎవడూ రాడు. అందరికీ తెలిసిందే. ఇంట్లో బండి ఒకటుంది, గేర్ల బండి. అది నడిపేవాడు మామయ్య తమ్ముడు, మా చిన్నమామయ్య. ఆయన బండి నడపడు, విసురుతాడు. ఆయన వెనక కూర్చుంటే ఎంతటి నాస్తికుడికైనా ప్రార్థన వచ్చేస్తుంది. పైగా చెరువుల పని మొత్తం ఆయన మీదే పడింది, ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ఆయనకే తెలియదు.

"మిమ్మల్ని నేను తీసుకెళ్తానండి" అంది అత్తయ్య.

మామయ్య నవ్వాడు. నవ్వితే కాలు నొప్పి పుట్టి ఆపేశాడు. అత్తయ్య అప్పటికి నలభై దాటిన మనిషి. పెళ్ళయినప్పటి నుంచి ఆ బండి వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుని, కాళ్ళు రెండూ చీర గార్డుకు ఉన్న ఆడవాళ్ళ ఫుట్‌రెస్టు మీద పెట్టుకుని లోకాన్నంతా ఎడమవైపు నుంచే చూసింది. ముందు సీట్లోంచి చూస్తే రోడ్డు ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. ఆ వారమే నేర్చుకునేవాళ్ళ లైసెన్సుకి ఎల్లెల్లార్ పరీక్ష రాసి వచ్చింది. జీవితంలో మొదటిసారి పంజాబీ డ్రెస్ కుట్టించుకుంది. బండికి ముందొకటి, వెనకొకటి ఎర్ర ఎల్ బోర్డు అంటించింది. చర్చి దగ్గర ఒకాయన, "గేరు బండి ఆడవాళ్ళకెందుకమ్మా?" అని అడిగితే, "మగవాళ్ళ కాళ్ళు విరిగాయండి" అని మెత్తగా చెప్పి వచ్చేసింది.

నేర్పే బాధ్యత మామయ్యే తీసుకున్నాడు, అరుగు మీద మంచంలోంచి. కాలు చాపుకుని, ఇంటి ముందు మా సొంత చెరువు గట్టు మీద ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతున్న భార్యని చూస్తూ "క్లచ్చు! క్లచ్చే! అబ్బా, అది బ్రేకు!" అని అరిచేవాడు. పక్కన చిన్నమామయ్య పరిగెత్తేవాడు. ఆవిడ పడితే పట్టుకోవడానికని పేరు. నాకు మాత్రం బండి చెరువులో పడితే పట్టుకోవడానికే అనిపించేది. అత్తయ్య పడలేదు. చెప్పుకోడానికైనా ఒక్కసారి పడి ఉంటే బావుండేది, ఈ కథకి కొంచెం ఊపు వచ్చేది.

ఒంటరిగా నడపడం వచ్చాక అసలు సమస్య మొదలైంది. ఆవిడకు కావాల్సింది బండి నడపడం కాదు, మనిషిని ఎక్కించుకుని నడపడం. రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో నాకు అప్పటిదాకా తెలియదు. మొదట వెనక సీటు మీద చేపల మేత బస్తా కట్టి తిరిగింది. బరువుకి బండి ఆగడం ఆలస్యమవుతుందని, మలుపులో తోక వేరే దారి పడతానంటుందని అలా నేర్చుకుంది. ఆ బస్తాని చూసి నేను, "అత్తయ్యా, మామయ్య కంటే ఇదే నయం, బుద్ధిగా కూర్చుంది" అన్నాను. ఆవిడ బండి ఆపి నా వైపు చూసింది.

"అదేరా నా భయం. బస్తాకి నోరు లేదు, మెడ లేదు. మీ మామయ్యకి రెండూ ఉన్నాయి. నువ్వు రా."

నోరు పారేసుకుంటే పని మీద పడుతుందని అప్పుడే తెలుసుకుని ఉండాల్సింది. నా ఎడమ కాలికి రెండు వెదురు బద్దలు పెట్టి పాత తువ్వాలుతో బిగించి కట్టింది. తల మీద మామయ్య హెల్మెట్ పెట్టింది, అందులో నా తల బిందెలో నిమ్మకాయలా తిరిగేది. చినిగిన తువ్వాలు ముక్కలు లోపల కుక్కి, తల ఊపించి, కదలదని తేల్చుకున్నాకే ఎక్కనిచ్చింది. ఎల్ బోర్డు ఉన్నంతకాలం లైసెన్సు ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ వెనక ఎక్కకూడదని, సొంత గట్టు దాటి నన్ను ఒక్క అడుగు కూడా తీసుకెళ్ళలేదు. నాకిచ్చిన ఉద్యోగం మాత్రం అద్భుతం. మామయ్యలా కూర్చోవాలి. మామయ్య చేసే వెధవ పనులన్నీ చెయ్యాలి.

ఇంత మంచి ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు. "గొయ్యి! గొయ్యే! కళ్ళున్నాయా?" అని అరిచేవాణ్ణి. గూడబాతుల గుంపు కనబడితే ఒక్కసారిగా పక్కకి తిరిగి చెయ్యి చాపేవాణ్ణి. మలుపులో అటు వంగమంటే ఇటు వంగేవాణ్ణి. దగ్గేవాణ్ణి, తుమ్మేవాణ్ణి, ఉన్నట్టుండి వెనక్కి జరిగేవాణ్ణి. అరుగు మీంచి మామయ్య, "నేనలా చేస్తానంట్రా?" అని కోప్పడేవాడు. "ఇంకా తక్కువే చేస్తున్నాడండి" అనేది అత్తయ్య.

ఆవిడ బ్రేకు గట్టిగా వేసిన ప్రతిసారీ నా హెల్మెట్ వెళ్ళి ఆవిడ హెల్మెట్‌కి టక్కుమని కొట్టుకునేది. మొదటి రోజుల్లో అది చర్చి గంటకంటే ఎక్కువ మోగింది. నేను "సారీ అత్తయ్యా" అనేవాణ్ణి. ఒకరోజు ఆవిడ బండి ఆపి, స్టాండు వేసి, వెనక్కి తిరిగి ఒక మాట చెప్పింది. "నువ్వెందుకురా సారీ చెబుతావు? ముందు ఏం వస్తుందో నాకు కనబడుతుంది, నీకు కనబడదు. ఈ రెండూ కొట్టుకుంటే తప్పు ముందు కూర్చున్నదానిదే." అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. పిల్లవాడి తప్పు లేదని పెద్దవాళ్ళు ఒప్పుకోవడం అరుదు కాబట్టి సంతోషించి ఊరుకున్నాను. ఆ టక్కుమనే చప్పుడు రాన్రానూ తగ్గి, మామయ్య కట్టు విప్పే నాటికి పూర్తిగా ఆగిపోయింది. దూరం నుంచే వేగం తగ్గించడం, ముందు వెనక బ్రేకులు రెండూ కలిపి మెల్లగా నొక్కడం ఆవిడ చేతికి, కాలికి వచ్చేశాయి. నా ఉద్యోగం పోయింది.

ఇంకో అలవాటు చేసుకుంది. బయల్దేరే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ. టైర్లు బొటనవేలితో నొక్కి, బ్రేకులు పట్టి చూసి, గొలుసు వేలితో ఎత్తి, లైట్లు వేయించి, వెనక లైటు వెలిగిందో లేదో నన్ను అడిగి, చున్నీ నడుముకి చుట్టి ముడేసుకుని అప్పుడు ఎక్కేది. ఎక్కాక కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన. ప్రార్థన ముందు చేసుకుని తర్వాత ఇవన్నీ చూసుకోవచ్చు కదా అన్నాను. "దేవుడికి అప్పజెప్పేది బాగా ఉందో లేదో చూసి అప్పజెప్పాలి కదరా" అంది. సైడు స్టాండు సంగతి మాత్రం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. మన దేశంలో సైడు స్టాండు తియ్యకుండా బయల్దేరితే, జన్మలో మన ముఖం చూడనివాళ్ళు కూడా "స్టాండు! స్టాండు!" అని అరుస్తారు.

ఆవిడ లైసెన్సు పరీక్ష పాసయ్యి ఎల్ బోర్డులు పీకేసిన కొద్ది రోజులకే మామయ్య కట్టు విప్పారు. మర్నాడే ఆకివీడులో మొదటి రోజు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఫిజియోథెరపీ ఆయన ఊళ్ళో ఉండరని, పన్నెండులోపు వచ్చి తీరాలని ముందే చెప్పారు. ముందు రోజు సాయంత్రం అత్తయ్య బండి కడిగి, గొలుసుకి నూనె పెట్టి, టైర్లకు గాలి పట్టించుకొచ్చి, అన్నీ చూసి పెట్టుకుంది.

పొద్దున్న పదింటికి మామయ్యను ఎక్కించే కార్యక్రమం మొదలైంది. ఊరంతా వచ్చిందన్నానే, అది ఒక్కటే ఈ కథలో అతిశయోక్తి కాదు. కట్టు విప్పిన కాలు సగం మాత్రమే వంగుతుంది. మామూలు ఫుట్‌రెస్టు మీద పెట్టాలంటే అంత చాలదు. దిగువనున్న ఆడవాళ్ళ ఫుట్‌రెస్టు మీదైతే సరిపోతుంది. "ఊళ్ళోవాళ్ళ ముందు ఆడవాళ్ళ దాని మీద కాలు పెట్టుకుని పోవాలా?" అన్నాడు మామయ్య. "ఇన్నేళ్ళూ నా కాళ్ళు పెట్టుకున్నానండి, అరిగిపోలేదు" అంది అత్తయ్య. ముక్కాలిపీట వేసి, ఇటొకరూ అటొకరూ పట్టుకుని, ఆయన బూతులు మింగుతుంటే మెల్లగా ఎక్కించారు. ఎక్కాక వెనకనున్న కడ్డీ పట్టుకున్నాడు. "నా నడుం పట్టుకోండి" అంది ఆవిడ. ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూసి కడ్డీయే పట్టుకున్నాడు. "పట్టుకుంటేనే బండి కదులుతుందండి" అంది. పట్టుకున్నాడు. ఎవరో ఈల వేశారు.

బండి నాలుగు గజాలు కదిలింది. ఆగింది.

"ఏవండీ, దిగండి."

"ఏమయిందే?" అన్నాడు మామయ్య. "తోక ఊగుతోంది" అందావిడ. నేను వంగి చూశాను. వెనక టైరు మామయ్య బరువుకి చపాతీ అవుతోంది. ముందు రోజు సాయంత్రం చూసినప్పుడు రాయిలా ఉన్న టైరే.

చిన్నమామయ్య తల గోక్కుని జరిగింది చెప్పాడు. తెల్లవారుజామున మబ్బు పట్టి, దూరపు చెరువులో చేప పైకి తేలి గుటకలు వేస్తోందని కబురొచ్చింది. నీళ్ళలో గాలి చాలకపోతే చేప అలా తేలుతుంది, కాసేపు ఆలస్యం చేస్తే చెరువు చెరువే పోతుంది. ఆయన ఇదే బండి తీసుకుని పరిగెత్తాడు. వాన పడ్డ గట్టు మీద టైరు జారకుండా మావాళ్ళు చేసే పని ఒకటుంది: టైర్లలో గాలి సగం తీసేస్తారు. మెత్తటి టైరు బురదను పట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. ఆయనా తీశాడు. తిరిగి వచ్చాక గుర్తొచ్చి ముందు టైరు నింపాడు, వెనకది మర్చిపోయాడు. బురద మాత్రం శుభ్రంగా తుడిచి, వదిన పెట్టిన చోటే బండి పెట్టాడు. మంచితనం ఒక్కోసారి ఇంత ప్రమాదం తెస్తుంది.

"అయ్యో వదినా, మెల్లగా పోనివ్వండి, తారు రోడ్డెక్కగానే గాలి కొట్టే షాపుంది కదా" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే అన్నారు. మామయ్యా అదే అన్నాడు, ఆయన బాధ వేరు. ఎక్కడానికి పడిన పాట్లు తలుచుకుంటే దిగాలనిపించలేదు. ఎండ పైకి వస్తోంది. పన్నెండు దాటితే మొదటి రోజే తప్పిపోతుంది. డాక్టరు మానకూడదన్న రోజుల్లో మొదటిది. దోనె, వల, చెరువు, అన్నీ ఆ మోకాలి మీదే ఉన్నాయి. తొందరపడడానికి ఇంతకన్నా మంచి కారణం ఎవరికీ ఉండదు.

అత్తయ్య హ్యాండిల్ వదల్లేదు, ముందు బ్రేకు పట్టుకునే నిలబడింది. గొంతు పెంచలేదు.

"నిన్న చూశానని ఇవాళ చూడలేదండి, అది నా తప్పు. ఇప్పుడు తెలిసి కూడా తీసుకెళ్తే ఏమంటారు దాన్ని? రెండోసారి పడితే ఆకివీడు దాకా వెళ్ళక్కర్లేదు, మళ్ళీ గూడెం డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళిపోవచ్చు మిమ్మల్ని. దిగండి. మరిదీ, పంపు తే."

మళ్ళీ పీట వేశారు. మళ్ళీ ఇద్దరు పట్టుకున్నారు. ఈసారి మామయ్య బూతులు మింగలేదు. గుమిగూడినవాళ్ళలో కొందరు నవ్వారు, ఒకాయన "అయిపోయిందా యాత్ర?" అన్నాడు. అత్తయ్య ఆయన వైపు చూడను కూడా చూడలేదు. చిన్నమామయ్య పక్కింట్లోంచి చేతి పంపు తెచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఆగి "చాలా వదినా?" అన్నప్పుడల్లా ఆవిడ వేలితో నొక్కి, "ఇంకా" అనేది. ముందు టైరు కూడా నొక్కింది. బ్రేకులు మళ్ళీ చూసింది, గొలుసు చూసింది, లైట్లు వేయించింది. అన్నీ, మొదట్నుంచీ. చిన్నమామయ్య చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఆ తర్వాత ఆయన ఆ బండిలో గాలి తియ్యలేదు.

ఇక ఆ ప్రయాణం. నేను సైకిల్ మీద వెంట వెళ్ళాను. వెంట అన్నాను గానీ నిజానికి ముందే వెళ్ళాను. ఆవిడ నడిపిన వేగానికి నేనే దారిలో ఆగి, ఎదురు చూసి, మళ్ళీ తొక్కాల్సి వచ్చింది. గట్టు దాటారు. తారు రోడ్డెక్కారు. రోడ్డు వంపు తిరిగే చోట చేపల లారీ ఏదో ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయింది, అక్కడ రోడ్డంతా తడిసి మెరుస్తోంది. నేను సైకిల్ దిగి చూశాను. అత్తయ్య ఆ వంపుకి చాలా ముందే వేగం తగ్గించి, బండిని నిలువుగా ఉంచి దాటించేసింది. ఉదయపు మెత్తటి టైరుతో అక్కడికి వచ్చి ఉంటే ఏమయ్యేదని తర్వాత మావాళ్ళు రకరకాలుగా చెప్పుకున్నారు. ఒకరు చెరువులో పడేవాళ్ళన్నారు, ఇంకొకరు లారీ కిందన్నారు. ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో కూడా. తెలుసుకోవాల్సిన అవసరం రానివ్వలేదు ఆవిడ, అంతే.

మేం వెళ్ళేసరికి ఫిజియోథెరపీ ఆయన షట్టరు సగం దించి తాళం చేత్తో పట్టుకుని ఉన్నారు. అత్తయ్య బండి ఆపి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, బ్రేకు పట్టుకుని, "ఇప్పుడు దిగండి" అంది. మామయ్య దిగడానికి పట్టిన సమయమంతా ఆ పెద్దమనిషి చూస్తూ నిలబడ్డారు. చూసి షట్టరు మళ్ళీ పైకెత్తారు. లోపల్నుంచి మామయ్య కేకలు చాలాసేపు వినబడ్డాయి. బయట అత్తయ్య బండికి చేరగిలబడి హెల్మెట్ తీసింది. నుదుటి చెమట తుడుచుకుంది. "భయమేసిందా అత్తయ్యా?" అన్నాను. "పొద్దుటి నుంచీ" అంది. ఆవిడ భయపడుతోందని నాకు అప్పటిదాకా ఒక్క క్షణం కూడా అనిపించలేదు. మామయ్యకి అనిపించిందేమో. తిరుగు ప్రయాణంలో ఎవరూ చెప్పకుండానే నడుం పట్టుకున్నాడు.

రోజు విడిచి రోజు అలాగే వెళ్ళారు, వానలు ఆగి గట్టు మళ్ళీ దుమ్మయ్యేదాకా. ఒక్క రోజు మానలేదు, ఒక్క రోజు ప్రదక్షిణ తప్పలేదు. ఆ ఏడాది చేపల పట్టుబడికి మామయ్య దోనె ఎక్కాడు. కొంచెం వంకరగా ఎక్కాడు గానీ, ఆయన ముందు నుంచీ అంతే.

ఆ రోజు నుంచి నా వెంట వచ్చింది ఏమిటని అడిగితే, ధైర్యమనో పట్టుదలనో చెబితే బావుంటుంది. మనిషి ఎక్కేశాక కూడా, నలుగురూ నవ్వుతున్నా, టైము మించిపోతున్నా "దిగండి" అనగలగడం అంత తేలిక కాదని నాకు తెలుసు, నేను కొన్నిసార్లు అన్నాను కాబట్టి. కానీ చేతికి అందేదిగా మిగిలింది ఇంకా చిన్నది. ఒక్కరు ఎక్కినప్పుడు వెనక టైరుకు ఉండాల్సిన గాలి వేరు, ఇద్దరు ఎక్కినప్పుడు వేరు. రెండు అంకెలూ బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నడిపి వచ్చాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.